కౌలుని కూలీ చేసిన అక్షరం

రమణబాబు నన్ను తిట్టినందుకు నాకు బాధ లేదు. తిట్లు తిని పెరిగినవాణ్ణి, వాటి రుచులు నాకు బాగా తెలుసు. ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఆ తిట్టు ఇంగ్లీషులో తిట్టాడు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి అర్థం కాదులే అన్న ధీమాతో తిట్టాడు.

"యూ బ్లడీ కూలీ! గెటవుట్!"

తాటిపాక అవతల మా ఊళ్ళో, కాలవగట్టు తోటలో, పది మంది చూస్తుండగా జరిగింది ఇది. ఆ కొబ్బరి తోటని రొయ్యల చెరువు చెయ్యడానికి రమణబాబు పొక్లెయిన్ తెచ్చాడు. నేను వెళ్ళి దాని తొట్టికి ఎదురుగా నిలబడ్డాను. ఒకప్పుడు ఆ తోట మా నాన్న దేవసహాయం చేతిలో ఉండేది. రమణబాబు వాళ్ళ నాన్న కోర్టుకెక్కి లాక్కున్నాడు. నేను కదలకపోయేసరికి రమణబాబు జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా మొహాన విసిరాడు. "మీ నాన్నే కోర్టులో రాసిచ్చేడు, నేను ఈ తోటలో కూలీనని. చదువుకో. ఓహో, నీకు చదువు రాదు కదూ!" అన్నాడు.

మా చెల్లెలు రాహేలు ఆ కాగితం చదివింది. నిజమే, ఆ మాట ఉంది. కింద నాన్న వేలిముద్ర ఉంది.

సోమవారం ఆర్డీవో గారు ఆ చెరువు సంగతి విచారించడానికి ఊళ్ళోకి వస్తున్నారు. రమణబాబు ఊరందరి ముందూ ఆ కాగితమే చదివిస్తాడు. నలభై ఒక్క ఏళ్ళుగా ఊరు అనుకుంటున్న మాటకి ఆ రోజుతో ముద్ర పడుతుంది: దేవసహాయం కోర్టు మెట్లెక్కగానే బెదిరిపోయాడు, కౌలుదారుణ్ణని చెప్పుకోవలసినవాడు కూలీనని ఒప్పేసుకున్నాడు అని. ఆ మాట నేను టీ కొట్ల దగ్గర విన్నాను, పెళ్ళి భోజనాల్లో విన్నాను. ఎవరికీ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

అలాంటి సమయంలో కొత్తపేట నించి ఫోను వచ్చింది. నాన్న కేసు చూసిన ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేసిన ధర్మరాజు గారు. బతికే ఉన్నారని కూడా నాకు తెలీదు. తోటలో గొడవ ఆయన చెవిదాకా వెళ్ళినట్టుంది. "ఆ కాగితం రాసిన చెయ్యి నాదేరా. సోమవారం లోపల మీ చెల్లెల్ని తీసుకుని రా" అని పెట్టేశారు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. కారు రాహేలు నడుపుతోంది. మా పేటలో ఇంగ్లీషు ఎమ్మే చదివిన మొదటి మనిషి మా చెల్లెలు. అమలాపురంలో డిగ్రీ పిల్లలకి పాఠం చెబుతుంది. అది గేరు మారుస్తుంటే పక్క సీట్లో కూర్చోవడం నాకు ఇప్పటికీ గొప్పే. ఎదురుగా తెలిసినవాళ్ళెవరైనా వస్తే అద్దం దించుతాను, ఏసీ ఉన్నా సరే.

గన్నవరం అక్విడెక్టు దాటుతుంటే రాహేలు అడిగింది.

"రమణబాబు అలా అంటే నీకు కోపం రాలేదా అన్నయ్యా?"

"వచ్చింది. బ్లడీకి వచ్చింది. కూలీకి రాలేదు."

అది నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు. కొబ్బరి దింపు తీసేవాణ్ణి నేను. ముప్పై ఆరేళ్ళు చెట్టెక్కాను. చెట్టుకింతని కూలి తీసుకున్నాను. ఎక్కని చెట్టుకి ఎన్నడూ తీసుకోలేదు. ఎక్కిన చెట్టుకి ఎవరైనా ఎగ్గొట్టబోతే వాళ్ళ వాకిట్లోంచి కదల్లేదు. కూలి నా చేతికొచ్చే అన్నం. అది తిట్టెలా అవుతుంది?

ధర్మరాజు గారి ఇల్లు కొత్తపేట సందులో చిన్న డాబా. కోడలు వీరలక్ష్మి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రండి రండి. మావయ్యగారు తెల్లారకుండానే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారండీ. టిఫిను పెడితే వద్దంటారు, కోర్టుకెళ్ళే రోజున తినరంట. రిటైరై ఇరవై ఏళ్ళయిందండీ బాబూ!"

ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర రేకు పెట్టె. నన్ను కిందనించి పైదాకా చూశారు.

"ఏరా స్టీఫెనూ, ఇంకా చెట్టెక్కుతున్నావా?"

"ఆయ్, ఎక్కుతున్నానండి. మోకాళ్ళు ఒప్పుకున్న రోజున."

"నావి మంచం ఎక్కడానికే ఒప్పుకోవట్లేదు. కూర్చో. మేడమ్ గారూ, మీరు ఇటు ఫ్యాను కింద కూర్చోండమ్మా."

కూర్చున్నాను. ఈయన కూర్చునే ప్లీడరు గారి వరండా ముందు మా నాన్న తువ్వాలు చంకలో పెట్టుకుని పూటలకి పూటలు నిలబడడం నా కళ్ళతో చూశాను. అందుకని కుర్చీలో కొంచెం వెనక్కి జారి మరీ కూర్చున్నాను.

టీ వచ్చింది. ఆయన రమణబాబు మాటల్ని నా చేత రెండుసార్లు చెప్పించుకున్నారు.

"వాళ్ళ నాన్న నయం. తెలుగులో తిట్టేవాడు" అన్నారు. "వీడికి దొరల మాట కావలసొచ్చింది."

"దొరల మాట కాదండి, మన మాటే" అంది రాహేలు.

"ఏది, కూలీయా? అంత ఖచ్చితంగా ఇంగ్లీషు డిక్షనరీలో ఉంటేనూ?"

"డిక్షనరీలోకి మన దగ్గర్నించే వెళ్ళిందండి. కూలి. చేసిన పనికి ఇచ్చేది. తమిళం వాళ్ళకీ అదే మాట. గుజరాతు వైపు కోలీలని ఒక జనం ఉన్నారు, వాళ్ళ పేరు నించి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. రెండూ కలిసిపోయేయేమో. నాకు మాత్రం ఏమనిపిస్తుందంటేనండి, రేవులో ఓడ దిగిన దొర మూట మోయించుకుంటాడు. మోసినవాడు చెయ్యి చాపి 'కూలి' అంటాడు. పాపం వాడు అడిగింది వాడికి రావలసింది. దొర దాన్ని వాడి పేరనుకున్నాడు."

"బాగుందే! నేను ప్లీడరు గార్ని జీతం అడిగితే, ఆయన నన్ను 'ఓరేయ్ జీతం' అని పిలిచినట్టు" అన్నారు ధర్మరాజు గారు.

"అదేనండి. ఇవ్వవలసింది కాస్తా మాయమైంది, మనిషి మిగిలేడు. ఆ తర్వాత ఓడలెక్కించేరు. మారిషస్‌కి, ఆఫ్రికాకి, ఎక్కడెక్కడి చెరుకు తోటలకో. ఓడ కాగితాల్లో మనిషికి ఒక నంబరు, దాని పక్కన ఈ మాట. అప్పటికింకా అది పని పేరే. పని అయిపోయేక కూడా మాట వదల్లేదండి. వాళ్ళ పిల్లలు డాక్టర్లయినా లాయర్లయినా అదే మాటతో పిలిచేరు. అప్పుడు తిట్టయింది. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో మనవాణ్ణి ఎవరైనా ఆ మాట అంటే కోర్టు మెట్లెక్కాలి."

"అయితే రమణబాబుని ఓడెక్కించి తీసుకెళ్ళి, అక్కడ ఒక్కసారి అనిపిద్దాం. చార్జీలు నావి" అన్నాను.

వీరలక్ష్మి లోపల్నించి కిసుక్కుమంది.

"ఇంకా ఉంది అన్నయ్యా. ఆ ఓడలెక్కినవాళ్ళ మునిమనవరాళ్ళు ఇప్పుడు ఆ మాటని వెనక్కి లాక్కుంటున్నారు. అవును, మేం కూలీల పిల్లలం, అయితే ఏమిటి అని పుస్తకాలు రాసుకుంటున్నారు. ఇంక తిట్టేవాడికి ఆ మాటలో ఏం మిగుల్తుంది?"

నా ఛాతీ పొంగింది. ఆ మునిమనవరాళ్ళెవరో నాకు తెలీదు. ఏ సముద్రం అవతల ఉన్నారో తెలీదు. వాళ్ళు నా చుట్టాలనిపించింది. రమణబాబు విసిరిన రాయి నా ఇంటి అరుగులోంచి ఊడదీసిందేనని తెలిసింది. అలాంటి రాయి తగిలితే నొప్పి తక్కువ. దాన్ని తెచ్చి మళ్ళీ అరుగులో పెట్టుకోవచ్చు.

ధర్మరాజు గారు మాత్రం నవ్వడం మానేశారు. ఖాళీ గ్లాసు కింద పెట్టి అడిగారు.

"మరి కౌలో, అమ్మా? అది కూడా పట్టుకెళ్ళేరా?"

"ఆయ్, అదీ పట్టుకెళ్ళేరండి. పాత కంపెనీ కాగితాల్లో కౌలు ఉంటుంది. నవాబుల కచేరీల్లోంచి మనకొచ్చిన అరబ్బీ మాట అది. అసలు అర్థం ఏమిటో తెలుసాండీ? మాట. ఇచ్చిన మాట. ఈ పొలం నీ చేతికిస్తున్నాను, ఇదిగో నా మాట, అని. దొరలు కొన్నాళ్ళు రాసుకుని దాన్ని మర్చిపోయేరు. రెండూ మన దగ్గరే తీసుకున్నారు. హక్కున్న మాటని పారేసేరు, చెమటున్న మాటని తిట్టు చేసుకున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

"మీ నాన్న కూడా అదే అన్నాడమ్మా. అరబ్బీ ఎరగడు, ఇంగ్లీషు ఎరగడు. అదే అన్నాడు."

రేకు పెట్టె మూత తీశారు. నాఫ్తలీను వాసన గుప్పుమంది. పైనున్న కట్ట విప్పి, మడతల దగ్గర చిరిగిన పొడుగు కాగితం ఒకటి రాహేలు చేతిలో పెట్టారు.

"ఎనభై నాలుగు ఆగస్టు. నా చేతిరాత. మీ నాన్న తరపున కోర్టులో వెయ్యవలసిన అఫిడవిట్టుకి చిత్తు ఇది. ప్లీడరు గారు జ్వరంతో పడుకున్నారు. రేపు దాఖలు చెయ్యకపోతే కేసు పోతుంది. నన్ను రాయమన్నారు. కౌలుదారుని ఇంగ్లీషులో టెనెంటు అంటారని నాకు తెలుసమ్మా, ఆ మాత్రం ఇంగ్లీషు లేకపోలేదు. ఆ మాటే రాసి చదివి వినిపించేను. మీ నాన్న ఒప్పుకోలేదు."

"ఎందుకు?"

"'నాకు తెలీని మాట నా కాగితంలో ఎందుకు బాబూ? కౌలు అని మాటిచ్చి ఇచ్చేరు, కౌలు అని మాటిచ్చి తీసుకున్నాను. ఆ మాటే రాయండి. రేపు నిలదీస్తే నేను చెప్పగలగాలి కదా' అన్నాడు. ఎంత చెప్పినా వినడే! నిలువు మనిషి. సరేలెమ్మని టెనెంటు కొట్టేసి పైన, కౌలు చేసేవాడని అర్థం వచ్చేలా, కౌలి అని రాసేను. చూడు, కె, ఓ, యు, ఎల్, ఐ."

రాహేలు కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. నేను పక్కకెళ్ళి నిలబడి చూశాను. కొట్టివేత మీద ఇరుకులో రాసిన చిన్న మాట. ఓ పక్కన యు. తొందరలో రాసిన యు. పైన తెరిచి ఉండవలసిన నోరు, కలం తోక తగిలి మూసుకుపోయింది. యు కాస్తా ఓ అయింది.

"కూలి" అని చదివింది రాహేలు.

"టైపు కొట్టినవాడూ అలాగే చదివేడమ్మా. వాడు నాకంటే చదువుకున్నవాడు, అదే మన దురదృష్టం. ఈ గుమాస్తాకి స్పెల్లింగు రాదనుకుని, కె తీసేసి సి పెట్టేడు, చివర ఇంకో అక్షరం తగిలించేడు. శుభ్రమైన డిక్షనరీ మాట చేసి పెట్టేడు. ఎప్పట్నించీ ఆ తోట చేస్తున్నాడో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏ హోదాలో చేస్తున్నాడన్న చోట కూలీ అని ఉంది. అవతలి ప్లీడరు జడ్జీ గారికి ఆ ఒక్క మాటే వేలు పెట్టి చూపించేడు. ఇంక ఏం వాదిస్తాం? మన కాగితం, మన వేలిముద్ర."

నాన్న బెదరలేదు. కోర్టు మెట్ల మీద కాళ్ళు వణికి మాట మార్చలేదు. పెద్ద మాట ఇస్తామన్నా వద్దని, తన మాటే కావాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదల సంగతి నాకూ అప్పటిదాకా తెలీదు. లేచి కేక పెట్టాలనిపించింది, ఊరికి వినబడేలా.

రాహేలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత పాఠం చెప్పే మనిషి అయిపోయింది. బ్యాగులోంచి రమణబాబు విసిరిన జిరాక్సు తీసి చిత్తు పక్కన పెట్టింది.

"గుమాస్తా గారూ, దీని కింద ఇంకో వాక్యం ఉందండి. పై సంగతులు తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర వేయించేను, అని. దాని కింద సంతకం మీదే కదండీ?"

"నాదే."

"చదివేరా?"

ధర్మరాజు గారు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశారు. ఒక్క క్షణమే.

"చదివేనమ్మా" అన్నారు. "ఆ రోజు కళ్ళజోడు తేలేదు. టైపులో తప్పు నా కంటికి ఆనలేదు. కౌలి అని చదివేసి వేలు వేయించేసేను. సోమవారం నన్ను మీ ఊరు తీసుకెళ్ళండి. ఆర్డీవో గారి ముందు, ఊరి ముందు, ఈ చిత్తు పట్టుకుని అదే చెబుతాను. తప్పు ధర్మరాజుది, దేవసహాయానిది కాదు అని రాసిస్తాను. భూమి వెనక్కి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. మీ నాన్న మాట వెనక్కొస్తుంది."

రాహేలు ఆయన చేతులు రెండూ పట్టుకుంది.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నాన్న అంత అవమానం పడి ఉండేవాడు కాదు కదండీ. ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్నే వద్దన్నాడమ్మా. తీర్పు వచ్చిన మర్నాడు నా దగ్గరికొచ్చేడు. కొడతాడనుకున్నాను. దణ్ణం పెట్టేడు. 'అయిపోయిందేదో అయిపోయింది బాబూ. ఎవరు చదివేరో మాత్రం ఎవరికీ చెప్పకండి' అన్నాడు."

ధర్మరాజు గారికి నోరు జారిన సంగతి తెలిసింది. మొహం పక్కకి తిప్పుకున్నారు.

మాటల్ని పట్టుకోవడం మా చెల్లెలి వృత్తి. వదల్లేదు.

"ఎవరు చదివేరో? చదివింది మీరైతే, మీ దగ్గరికే వచ్చి 'ఎవరు చదివేరో' అని ఎందుకంటాడండీ నాన్న?"

ఆయన ఒడిలో ఉన్న చెయ్యి కొంచెం కదిపారు. నువ్వు ఊరుకో, అని నాకు సైగ.

ఊరుకోవచ్చు. తప్పు మోస్తానని ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి తనంతట తానే ముందుకొచ్చాడు. సోమవారం నాడు ఊరు వింటుంది, నమ్ముతుంది. నాన్న పేరు నిలబడుతుంది. నా చెల్లెలు నన్ను ఇప్పుడు చూసినట్టే రేపూ చూస్తుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

ఎనభై నాలుగులో ఆ రోజు సాయంత్రం ధర్మరాజు గారు టైపు కాగితం పట్టుకొచ్చి, మా వాకిట్లో సైకిలు దిగకుండానే ఒంటి కాలు నేల మీద ఆన్చి నిలబడ్డారు. నాన్న తోటలోంచి వచ్చాడు, చేతులనిండా కొబ్బరి పీచు. అమ్మ ఎలీసమ్మ గుమ్మంలో ఉంది. నాలుగు నెలలు తక్కువ ఎనిమిదేళ్ళ రాహేలు లోపల నిద్రపోతోంది. చీకటి పడకుండా వెళ్ళాలని గుమాస్తా గారికి తొందర. "నీ కొడుకు ఇంగ్లీషు చదువుతున్నాడుగా, చదివించుకోవయ్యా" అని కాగితం నాకిచ్చారు. ఇంగ్లీషు మొదలుపెట్టి నాకు రెండేళ్ళు. ఆవుని కౌ అంటారని నేర్చుకున్నాను. ముందు సి, పక్కన ఓ చూశాను. ఇంక మిగతా అక్షరాలు ఎందుకు? "కౌలీ అనే ఉంది నాన్నా" అన్నాను గట్టిగా. నాన్న అమ్మ వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాడు. అంత గర్వం ఆయన మొహంలో నేను మళ్ళీ చూడలేదు. తువ్వాలుకి వేలు తుడుచుకుని ముద్ర వేశాడు.

తర్వాత పదిహేనేళ్ళు బతికాడు. నా కొడుకు తప్పు చదివాడు అని ఒక్క మాట అంటే ఊరి నోరు మూతపడేది. అనలేదు. నాతో కూడా అనలేదు. చనిపోయేదాకా కోర్టులో బెదిరిన కూలీగా పేరు మోశాడు. రాజులకీ జమీందార్లకీ పుట్టినవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారు. నేను దేవసహాయం కొడుకుని.

"ఆయన చదవలేదు రాహేలూ" అన్నాను. "నాన్నకి చదివి చెప్పింది నేను."

"ఒరేయ్, ఊరుకోరా!" అన్నారు ధర్మరాజు గారు.

రాహేలు కుర్చీలోంచి లేచింది. అన్నయ్యా అని పిలవలేదు.

"ఏమని చదివేవు?"

నలభై ఒక్క ఏళ్ళలో ఆ కాగితం నేను మళ్ళీ చదవలేదు. చూడకుండానే చెప్పగలను. "కౌలీ అని చదివేను. తర్వాత సర్వే నంబరు. తూర్పున కాలవగట్టు, పడమర పుంత దారి. చివర విస్తీర్ణం" అన్నాను. మాట ఒక్కటే నాకు రాలేదు. అంకెలు వచ్చు. అంకెలు సరిగ్గానే చదివాను.

ఒక ఎకరం ముప్పై ఎనిమిది సెంట్లు.